చప్పుడుతో సహా

చెవి మేస్త్రి లిఫ్టు నెత్తిమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నెత్తిమీద అంటే నిజంగా నెత్తిమీదే. జనం ఎక్కే గది పైకప్పు మీద, జిడ్డు పట్టిన ఇనప తాళ్ళ పక్కన, మనిషి ముడుచుకుంటే పట్టేంత జాగాలో. కింద తలుపుకి మరమ్మతు బోర్డు తగిలించి వచ్చాడు. ఎడమ అరచేతిని పక్కనున్న పట్టాకి ఆనించి, కుడిచేత్తో మీట నొక్కుతూ, లిఫ్టుని నత్తనడకన పైకి పోనిస్తున్నాడు. నాలుగో అంతస్తు దాటాక ఎక్కడో కిర్రుమంటోంది. ఆ కిర్రు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి.

కంపెనీలో మిగతావాళ్ళు ముందు పానా తీస్తారు. ఇతను ముందు చెవి పెడతాడు. అందుకే ఆ పేరు. చప్పుడంటే అతని లెక్కలో జబ్బు, చప్పుడు పోతే ఆరోగ్యం. ఏది కిర్రుమన్నా, గరగరమన్నా చేతులు ఊరుకోవు. పెళ్ళైన కొత్తలో అత్తారింటికి వెళ్ళి, ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, వీధి తలుపు బందులకి నూనె వేసి కూర్చున్నాడు. అల్లుడొచ్చాడనుకుంటే వడ్రంగి వచ్చాడేమిటే అని వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇవాళ మాత్రం ఒక చెవి పని మీద లేదు. అందులో ఫోను తీగ ఉంది, తీగలో పాట వస్తోంది. ఆ పాట ఫోనులోది కాదు. ఇంట్లో కుట్టుమిషను కింద పెట్టిన పాత కంప్యూటరులోంచి బయల్దేరి, ఇన్ని వీధులు దాటి, ఈ భవనంలో దూరి, చీకటి గొయ్యిలాంటి ఈ షాఫ్టులోకి వచ్చి మరీ పాడుతోంది. నాలుగో అంతస్తు దగ్గర సిగ్నలు పోయి పాట ఆగింది. అయిదో అంతస్తుకి వచ్చేసరికి ఎక్కడ వదిలిందో అక్కణ్ణుంచే ఎత్తుకుంది. మేస్త్రికి నవ్వు ఆగలేదు. ఒంటరిగా, చీకట్లో, లిఫ్టు నెత్తిన కూర్చుని పగలబడి నవ్వాడు.

కిందనుంచి కాపలా ఆవిడ కేకేసింది. "ఏం మేస్త్రీ, దొరికిందా?"

"దొరికిందమ్మా! పాట దొరికింది!"

"పాటెందుకయ్యా నాకు? లిఫ్టు సంగతి చెప్పు! పైనున్న పెద్దాయన మెట్లు దిగలేక పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు."

కిర్రు కూడా దొరికింది. తలుపు పైపట్టీలో మర వదులైంది, అంతే. బిగించి, పైకీ కిందకీ తిప్పి చూసుకుని, చేతులు తుడుచుకుంటూ దిగాడు. కాపలా ఆవిడ లిఫ్టెక్కి పైకి పోయి, మళ్ళీ కిందకొచ్చి, "అసలు కదిలిందా ఇది?" అంది. అంతకుమించిన బిరుదు అతనికి అక్కర్లేదు.

"పూటకే సెలవు పెట్టానమ్మా. సాయంత్రం బస్సుకి మా అక్క వెళ్ళిపోతోంది" అన్నాడు సంచీ భుజాన వేసుకుంటూ.

"ఎక్కడికి?"

"అత్తారింటికి."

ఆవిడ అతని చెవుల పక్కన నెరిసిన జుట్టు చూసింది. తమ్ముడికే ఇంత తెల్లబడితే ఆ అక్కకి ఇప్పుడు అత్తారిల్లేమిటో లెక్క కుదరక, "మంచిది నాయనా" అని ఊరుకుంది.

లెక్క కుదరని మాట నిజమే. అక్క అరవై దాటాక పెళ్ళి చేసుకుంది. మొన్ననే ఆఫీసుకి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టింది. పెట్టేముందు, పెన్ను సరిగ్గా రాస్తోందో లేదో అరచేతి మీద గీసి మరీ చూసుకుంది. ఎప్పుడూ అంతే. కొత్త దారం వస్తే పంటితో తెంపి చూడందే మిషనుకి ఎక్కించేది కాదు.

నాన్న పోయినప్పుడు ఇంకా లంగావోణీ వయసులో ఉన్న పిల్ల, ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చుంది. మళ్ళీ లేచింది మొన్ననే అనాలి. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి కర్టెన్లు, దిండు గలీబులు. ఆ గలీబుల మీదే తమ్ముడు చదువుకున్నాడు, పని నేర్చుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. మరదలు వచ్చిన కొత్తలో ఆమెతో పోట్లాడింది, తర్వాత ఇద్దరూ ఒకటై తమ్ముడితో పోట్లాడారు. అమ్మ కూడా పోయాక, "నా పెళ్ళిమాట ఎత్తడానికి పైన పెద్దలు లేరు, కిందవాడికి బుర్ర లేదు" అని ఆమే నవ్వేది. నవ్వులో విషం ఉండేది కాదు గానీ, మేస్త్రికి ఎక్కడో గుచ్చుకునేది.

అలాంటి గదిలోకి ఒకరోజు బస్సు డ్రైవరు చిరిగిన సీటు కవరు పట్టుకొచ్చాడు. భార్య పోయి చాలా కాలమైనవాడు. ముందు పొట్ట వస్తుంది, దాని వెనక నవ్వు వస్తుంది, ఆ తర్వాత మనిషి వస్తాడు. కుట్టించుకుని వెళ్ళాడు. నాలుగు రోజులు తిరక్కుండా ఇంకోటి తెచ్చాడు. దాని వెనక ఇంకోటి. "ఆ బస్సులో మనుషులెక్కుతున్నారా, ఎలకలెక్కుతున్నాయా?" అని మేస్త్రి భార్య ఆశ్చర్యపోయింది. చివరికి కొత్త కవరొకటి వచ్చింది, నడిమధ్యన గీత గీసినట్టు తిన్నటి చిరుగుతో. అక్క ఆ చిరుగు చూసింది, కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది. "ఇది చిరిగింది కాదు, చింపింది. మీకేం కావాలో నోటితో చెప్పండి" అంది. అతను చెప్పాడు.

ఆ సంగతి తెలిసిన రోజునుంచి మేస్త్రికి ఒకటే ధ్యాస. డ్రైవరు ఊరు దూరం. అక్కకి పాట లేకపోతే పూట గడవదు. చెప్పుల పెట్టెలో ఉన్న కేసెట్లన్నీ అక్కాతమ్ముళ్ళిద్దరూ అప్పట్లో రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టినవే. ఇచ్చేస్తే తనకుండవు, ఉంచుకుంటే ఆమెకుండవు. రెండు చోట్లా ఉండాలి. అందుకని ఏదో ఆఫీసువాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న చిన్న కంప్యూటరు పెట్టె ముందు కూర్చున్నాడు. వీడియోలు చూశాడు, ఆపాడు, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. పాటలు దాచుకోవడం, అడిగినవాళ్ళకి అడిగిన చోటికి పంపడం, ఆ పెట్టెకి ఈ రెండు పనులే మిగిల్చాడు. దీన్ని సర్వరు అంటారని చెప్తే, "హోటల్లో సర్వరుకి చెప్తే కనీసం టీ అయినా తెస్తాడు" అంది భార్య.

మొదట్లో అది మాటిమాటికీ నిద్రపోయేది. నిద్ర మాన్పిస్తే, ఇంట్లో బుద్ధిగా పాడి గడప దాటగానే నోరు మూసుకునేది. బయటినుంచి ఇంట్లోకి దారి తెరిచి, ఆ దారిన దొంగలు రాకుండా తాళం పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అంతా కుదిరిందనుకున్న రోజున భార్య ఇస్త్రీ కోసం ప్లగ్గు పీకేసింది. మర్నాడు ఆ ప్లగ్గు పైన "పీకితే పాట చస్తుంది" అని కాగితం అంటించాడు. పెట్టెకి చోటు అక్కే చూపించింది. "నా మిషను నీ దగ్గరే ఉంచుకో. ఆయన కరెంటు మిషను కొంటానంటున్నారు, నా మోకాళ్ళు సరేనంటున్నాయి. పెడలు మీద పెట్టుకో నీ పెట్టెని, కిందనుంచి గాలాడుతుంది." పెట్టాడు. డిస్కు తిరిగినప్పుడల్లా పెడలు సన్నగా అదిరి టకటకమంటుంటే ప్రాణం ఒప్పక, లిఫ్టు తలుపుల కింద వేసే రబ్బరు ముక్కొకటి దాని కింద దూర్చాడు. నోరు మూసుకుంది.

కేసెట్టుకి తొందర తెలియదు. అది పాడినంతసేపూ పాడనిచ్చి పట్టుకోవాల్సిందే. సాయంత్రాలన్నీ అలాగే పోయాయి. అన్నీ ఎక్కాక మేస్త్రి తన అసలు పని మొదలుపెట్టాడు. బుస్సుమనే హోరు తీసేశాడు. గరగరలు తీసేశాడు. పాటల వెనక టకటకమనే కుట్టుమిషను చప్పుడొకటి మహా మొండిది. దానికోసం ఇంకో ప్రోగ్రాము వెతికి, చెవులకి డిప్పలు తగిలించుకుని, ఆనవాలు లేకుండా తుడిచేశాడు. పాటకీ పాటకీ మధ్య ఖాళీలన్నీ కోసెయ్యమని ఒక్క మీట నొక్కాడు. డిస్కులో జాగా చాలక, మురికివన్నీ చెరిపేసి శుభ్రమైనవే ఉంచాడు. పని ముగిసేసరికి టేపురికార్డరుని పెట్టెకి కలిపే తీగ కొన విరిగింది. ఇంక దాంతో పనేముంది లెమ్మని పారేశాడు.

ఇవాళ ఆ పాటలు అక్క చేతిలో పెట్టాలి.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో భార్య సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. డ్రైవరు బావ మోకాళ్ళ మీద కూలబడి దాని తాళం నొక్కుతున్నాడు.

"బరువు చాలట్లేదండీ అన్నయ్యగారూ, మీరే కూర్చోండి" అంటోంది భార్య.

"నేను కూర్చుంటే తాళం పడుతుందమ్మా, పెట్టె మిగలదు" అన్నాడతను.

అక్క గోడవార కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. మేస్త్రి కాళ్ళయినా కడుక్కోకుండా ఆమె ఫోను తీసుకుని, కంప్యూటరు పెట్టె దారి అందులో పెట్టి, చెవుల్లో తీగ పెట్టాడు. "ఏ పాట కావాలో నొక్కక్కా. నువ్వెక్కడున్నా సరే, మనింట్లోంచే వస్తుంది."

ఆమె పడవ పాట నొక్కింది. అతనికి తెలుసు, అదే నొక్కుతుందని.

మేస్త్రి ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. పాట మొదలైనట్టుంది. ఆమె కుడికాలు నేలమీద మెల్లిగా ఆడింది, ఆగింది, దేన్నో వెతుక్కుంటున్నట్టు మళ్ళీ ఆడింది. లయ తప్పింది. కాసేపటికి కాలు వెనక్కి లాక్కుంది.

"బాగుందిరా. గాజులా ఉంది" అంది.

ఆ "బాగుంది" అతనికి తెలుసు. ఎవరైనా ముదురాకుపచ్చ గుడ్డ తెచ్చి, దానికి ఊదారంగు అంచు వెయ్యమంటే అక్క అనే "బాగుంది" అది.

"ఏం బాలేదో చెప్పు."

"ఏం లేదురా. ఇంత కష్టపడ్డావు."

"అక్కా."

ఆమె చెవుల్లోంచి తీగ తీసింది. "నా మిషనేదిరా?"

"తీసేశాను కదా! ఎక్కడైనా వినపడిందా?" అన్నాడు మేస్త్రి ఛాతీ విరుచుకుని.

"వినపళ్ళేదు. అదే అడుగుతున్నా. ఈ పాట బజార్లో దొరకదా?"

"దొరుకుతుంది. ఇంతకన్నా శుభ్రంగా దొరుకుతుంది."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేమిట్రా నాయనా? మనింటి పాట తీసుకెళ్ళి బజారు పాట చేశావు." కోపం లేదు గొంతులో. చిన్నపిల్లాడికి బొత్తాం పెట్టుకోవడం నేర్పుతున్నట్టు చెప్పింది. "పల్లవి దగ్గర కాలు ఆపేదాన్ని. చరణం ఎత్తుకోగానే తొక్కేదాన్ని. పాట అయ్యేసరికి సరిగ్గా గలీబు అంచు అయ్యేది. అందులో ఫ్లూటాయన ఉన్నాడు, వయొలినాయన ఉన్నాడు, నేనున్నాను. అందర్నీ ఉంచి నన్నొక్కదాన్నే తీసేశావు." చేతిలోని తీగ వైపు చూసింది. "పాటయ్యాక అమ్మ ఏది?"



అమ్మ సంగతి మర్చిపోలేదతను. ఖాళీలంటే ఖాళీలే అనుకున్నాడు. అప్పట్లో ఇంట్లో ఒక చట్టం ఉండేది. ఎర్ర మీట నొక్కి అతను చెయ్యెత్తాడంటే, దించేదాకా ఎవరూ మాట్లాడకూడదు, తుమ్మకూడదు, ఊపిరి కూడా పీల్చకూడదు. మిషనుకొక్కదానికే మినహాయింపు. గలీబులు ఆగితే పొయ్యి ఆగుతుంది. మూలమంచం మీద ఉండే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకునేది. పడవ పాటకి మాత్రం అతను చెయ్యి ముందే దించేశాడు, మీట ఆపలేదు. అమ్మ అన్న మాట టేపులో పడిపోయింది. అమ్మ గొంతు మిగిలింది అదొక్కటే. దాన్ని అతను ఖాళీ అని కోసేశాడు.

"ఓరి నా బుర్రా" అన్నాడు మేస్త్రి, నెత్తి పట్టుకుని.

"కేసెట్టు ఉందిగా, ఏడుపు మొహం పెడతావెందుకు?" అంది అక్క.

చెప్పుల పెట్టె దించాడు. పడవ పాట కేసెట్టు దొరికింది. తీగే లేదు. కొత్తది కొనుక్కొచ్చే వేళా లేదు, బస్సు ముంచుకొస్తోంది. కేసెట్టు చేత్తో పట్టుకుని అతను గది మధ్యలో నిలబడిపోతే, అక్క లేచి వచ్చి మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. "అప్పుడెలా పట్టాం? అలాగే పట్టు."

ఫ్యాను ఆపారు. కిటికీ మూశారు. భార్య పొయ్యి కట్టేసి వచ్చింది. మిషను బల్లమీద టేపురికార్డరు, దాని ముందు ఫోను.

"నేను చెయ్యెత్తితే ఎవరూ ఊపిరి పీల్చకూడదు బావా" అన్నాడు మేస్త్రి.

"ఊపిరి కూడానా?"

"కూడా."

"ఏం ఇంట్లో పడ్డానురా బాబూ" అని బావ బుగ్గలు పూరించుకుని సూట్‌కేసు మీద కూర్చున్నాడు.

మేస్త్రి మీటలు నొక్కి చెయ్యెత్తాడు. బుస్సుమంటూ టేపు కదిలింది. పాత హోరు, పాత గరగర, దాని లోపలినుంచి పడవ పాట. పల్లవి అయింది. చరణం ఎత్తుకోగానే, ఎన్నో ఏళ్ళ కిందటి మిషను టకటకమని మొదలెట్టింది. అక్క కళ్ళు మూసుకుంది. ఆమె కాలు దానంతటది పెట్టె పక్కనుంచి పెడలు అంచు మీదకి వెళ్ళింది. తొక్కింది.

చక్రం తిరిగింది. పెడలు మీద పెట్టె ఒకపక్కకి ఒరిగింది, ఇంకోపక్కకి ఒరిగింది, పడవలా ఊగడం మొదలెట్టింది. అన్నాళ్ళ చాకిరీ ఆ పెట్టెలో ఉంది. అరుద్దామంటే చెయ్యెత్తి ఉన్నాడు, చట్టం తనదే. కళ్ళతో భార్యకి సైగ చేశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆపుకోవడానికి. టేపులో పడుచుపిల్ల తొక్కుతోంది, స్టూలు మీద పెద్దావిడ తొక్కుతోంది, రెండు మిషన్లూ ఒక్క లయలో పడవ పాటని ఒడ్డుకి చేర్చాయి.

పాట ఆగింది. రెండు మిషన్లూ ఆగాయి. టేపు హోరు మాత్రం మిగిలింది. అందులోంచి, దగ్గు ఆపుకున్న గొంతు అడిగింది.

"అయిందా? ఇక ఊపిరి పీల్చుకోవచ్చా?"

బావ మొహం కందగడ్డయింది. ఇక ఆగలేక భళ్ళున ఊపిరి వదిలేశాడు. "పీల్చుకోండి అత్తయ్యా! నేను కూడా పీల్చుకుంటాను!"

అక్క పకాలున నవ్వింది. మిషను మీద తల ఆనించి, భుజాలు ఎగిరెగిరి పడేలా, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. భార్య నోట్లో కొంగు ఎప్పుడో జారిపోయింది. మేస్త్రి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, కళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యే వాడుకున్నాడు. నవ్వులన్నీ అయిపోయి, బావ ముక్కు చీది, మంచినీళ్ళు అడిగేదాకా ఫోను ఆపలేదు.

"ఇది కూడా శుభ్రం చేస్తారా?" అంది భార్య.

"చేస్తే చెయ్యి విరగ్గొట్టు" అని మేస్త్రి, పట్టిందాన్ని పట్టినట్టే కంప్యూటరు పెట్టెలోకి ఎక్కించాడు.

బస్టాండులో బావ ఆ రోజు మొదటిసారి టిక్కెట్టు కొనుక్కున్న ప్రయాణికుడు. డ్రైవర్లంతా కిటికీలోంచి పలకరించి ఏడిపిస్తున్నారు. అక్క కూర్చోబోతూ ముందు సీటు వెనకభాగం తడిమింది. నడిమధ్యన తిన్నటి గీత, దానిమీద సన్నటి కుట్టు. తనదే. "ఇది మీరు చింపిన వాటిల్లో ఎన్నోదండీ?" అంది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ వినపడనట్టు ఊరుకున్నాడు.

మేస్త్రి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"మిగతా కేసెట్లు మెల్లిగా ఎక్కించు. అది పాడినంతసేపూ నువ్వూ కూర్చో. పరిగెత్తకు" అంది అక్క.

"సరే."

"నా చప్పుడుతో సహా."

"చప్పుడుతో సహా అక్కా."

ఆమె చెయ్యి బయటికి పెట్టి, అతని చెవి పట్టుకుని చిన్నగా మెలితిప్పింది, చిన్నప్పటిలాగే. బస్సు కదిలింది. మేస్త్రికి కళ్ళు నిండాయి, పొంగాయి కూడా. పక్కన జనం చూస్తున్నా సిగ్గుపడలేదు. అక్క వెళ్ళిపోయిందన్న దుఃఖం ఉంది, వెళ్ళిందన్న సంతోషం అంతకన్నా ఎక్కువగా ఉంది.

ఇంటికొచ్చాక భార్య వంటగదిలోకి వెళ్ళింది. మేస్త్రి ముందుగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. ఆ గది ఇంత నిశ్శబ్దంగా ఉండటం అతను పుట్టి ఎరగడు. లిఫ్టు ఇలా ఉంటే శభాష్ అనేవారు. ఇక్కడ మాత్రం ఊపిరాడలేదు. లేచి ఫ్యాను వేశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు మిషను కింద పెట్టెలో పచ్చదీపం మిణుకుమంది. ఆగకుండా మిణుకుమంటూనే ఉంది. ఎక్కడో దారిలో, బస్సులో, అక్క పాట నొక్కింది. లోపల డిస్కు నిద్రలేచి తిరగడం మొదలెట్టింది. అలవాటుకొద్దీ మేస్త్రి చెవి అటు తిరిగింది. ఏదో అదురుతోంది. వంగి చూశాడు. మధ్యాహ్నం అక్క తొక్కుడుకి రబ్బరు ముక్క ఊడి నేలమీద పడి ఉంది. తీశాడు. పెడలు కిందకి చెయ్యి పోనిచ్చాడు. అక్కడే కాసేపు ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని, రబ్బరు ముక్క జేబులో వేసుకున్నాడు.

అక్క పాదం ఆనిన చోటల్లా అరిగి మెరుస్తున్న ఆ ఇనప పెడలు, పాట నడిచినంతసేపూ సన్నగా టకటకమంటూనే ఉంది.